మైక్రోసాఫ్ట్‌పై ఒక ఒపీనియన్ రిపోర్టు: 1980 నాటి లెక్క

రుణ ప్రతిపాదన పరిశీలనలో కాగితం మీద తక్కువ చోటు పట్టినా నిర్ణయం మీద ఎక్కువ ప్రభావం చూపేది మార్కెట్ ఎంక్వయిరీ. బ్యాలన్స్ షీటులో అంకెలు ఎవరు చదివినా అవే. "మనిషి మాట మీద నిలబడతాడా? సరుకు వేళకు ఇస్తాడా?" అన్న ప్రశ్నలకు జవాబు మాత్రం మనం ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి మారుతుంది. చివరికి ఇదంతా "మార్కెట్‌లో మంచి పేరుంది" అన్న ఒక్క వాక్యంలోకి కుదించుకుపోతుంది. ఆ పేరు ఎవరి దగ్గర ఉంది, ఏ పనికి ఉంది అన్న రెండు ముక్కలూ తరచుగా రిపోర్టులోకి రావు.

ఆ రెండు ముక్కల విలువ ఎంతో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ తీసుకుంటాను. ఈ రోజు మన టేబుల్ మీద ఉన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్ విండోస్ మీద నడుస్తాయి. ఆ సంస్థకు 2014 నుంచి మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల అధిపతిగా ఉన్నారు. కానీ మనం పరిశీలించబోయేది ఆ మహాసంస్థను కాదు, 1980 వేసవి నాటి చిన్న భాగస్వామ్య సంస్థను. అప్పటికి విండోస్ లేదు, వర్డ్ లేదు, ఎక్సెల్ లేదు, డాస్ కూడా లేదు. సిబ్బంది 40 మంది లోపే. ఇద్దరు భాగస్వాములు: బిల్ గేట్స్ వాటా 64 శాతం, పాల్ ఆలెన్ వాటా 36 శాతం. పెద్ద భాగస్వామికి ఇంకా పాతికేళ్లు నిండలేదు, చదువు మధ్యలో ఆపేశాడు. తాకట్టు పెట్టడానికి ఫ్యాక్టరీ లేదు, గోదాము లేదు.

మేనేజ్‌మెంట్ చదివే రోజుల్లో ఈ కథను నేను 'అదృష్టం' అన్న శీర్షిక కింద విన్నాను. ఐబీఎం అనే ఏనుగు వచ్చి ఒక కుర్రవాడి మెడలో పూలమాల వేసిందన్నట్టు చెప్పేవారు. పూలమాల నిజమే. ఏనుగు ఆ గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిందన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు ఆ కంపెనీకి అప్పటికే ఉన్న పేరులో ఉంది.

పుట్టుక

1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' సంచిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే యంత్రం వచ్చింది. దాన్ని తయారుచేసింది అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, ఆల్బుకర్కీలోని మిట్స్ అనే చిన్న సంస్థ. యజమాని ఎడ్ రాబర్ట్స్. విడిభాగాలు తెప్పించుకుని మనమే బిగించుకోవాలి. తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలక మీద స్విచ్చులు పైకీ కిందికీ వేస్తే దీపాలు వెలుగుతాయి. దానిలోని జ్ఞాపకశక్తి 256 బైట్లు. అలాంటి యంత్రం చేత మామూలు మనిషి పని చేయించాలంటే సులువైన ప్రోగ్రామింగ్ భాష కావాలి. అదే బేసిక్.

గేట్స్, ఆలెన్ రాబర్ట్స్‌ను సంప్రదించి తమ దగ్గర బేసిక్ ఉందని చెప్పారు. అప్పటికి ఒక్క వరుస కూడా రాయలేదు. ఆల్టెయిర్‌ను కళ్లతో చూడనూ లేదు. హార్వర్డ్‌లోని పెద్ద కంప్యూటర్ మీద ఇంటెల్ 8080 ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రాం నడిపి, దాని మీద కొన్ని వారాల్లో బేసిక్ రాశారు. దశాంశాల లెక్కలు చేసే భాగాన్ని మాంటీ డేవిడాఫ్ అనే సహ విద్యార్థి రాశాడు. ఆలెన్ కాగితపు టేపు పట్టుకుని ఆల్బుకర్కీ వెళ్లి అసలు యంత్రంలోకి ఎక్కించాడు. రెండూ రెండూ కలిపితే ఎంత అని అడిగితే నాలుగు అని అచ్చయింది. 1975 ఏప్రిల్‌లో కంపెనీ మొదలైంది. ఆ ఏడాది రాబడి సుమారు 16 వేల డాలర్లు.

ఇక మన ఎంక్వయిరీ మొదలుపెడదాం. ముగ్గురిని అడుగుదాం.

మొదటి అభిప్రాయం: వాడకందార్లు

ఆల్టెయిర్ కొన్నవాళ్లలో ఎక్కువమంది సరదాకొద్దీ కంప్యూటర్లు బిగించే ఔత్సాహికులు. క్లబ్బుల్లో కలుసుకుని టేపులు ఒకరికొకరు కాపీ చేసి ఇచ్చుకునేవారు. సాఫ్ట్‌వేర్‌కు విడిగా డబ్బు ఇవ్వాలన్న ఆలోచనే వాళ్లకు కొత్త. 1976 ఫిబ్రవరిలో గేట్స్ వారికి ఒక బహిరంగ లేఖ రాశాడు. తమ బేసిక్ వాడుతున్నవారిలో ఎక్కువమంది దాన్ని కొనలేదనీ, ఆల్టెయిర్ యజమానుల్లో పదిశాతం కూడా డబ్బు కట్టలేదనీ, దాని తయారీకి వాడిన కంప్యూటర్ సమయం విలువే 40 వేల డాలర్లు దాటిందనీ, వచ్చిన రాయల్టీతో లెక్కేస్తే తమ శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ అందులో ఉంది. అది దొంగతనమని సూటిగానే అన్నాడు.

చాలామందికి కోపం వచ్చింది. వినియోగదారులను దొంగలంటాడా అన్నారు. అంటే ఈ వర్గాన్ని అడిగితే మన రిపోర్టులో ప్రతికూల అభిప్రాయమే పడుతుంది: 'డబ్బు మనిషి, దురుసు మనిషి'. అయితే ఇదే వర్గం ఇంకో సాక్ష్యం కూడా ఇస్తోంది. పనికిరాని సరుకును ఎవరూ అంత శ్రద్ధగా కాపీ చేసుకోరు. మనిషి మీద కోపం, సరుకు మీద మోజు. ఎంక్వయిరీలో ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

రెండవ అభిప్రాయం: మొదటి ఖాతాదారు

మిట్స్‌తో 1975లో కుదిరిన ఒప్పందం మనలాంటి వాళ్లు తప్పక చదవదగినది. దాని ప్రకారం బేసిక్ మీద ప్రపంచమంతటా, పదేళ్లపాటు, ప్రత్యేక హక్కు మిట్స్‌దే. ఇతరులకు లైసెన్సు ఇవ్వాలన్నా మిట్స్ ద్వారానే ఇవ్వాలి. మొత్తం రాయల్టీకి లక్షా 80 వేల డాలర్ల పరిమితి ఉంది. సరుకు ఒకటే, కొనేవాడు ఒకడే, గొంతు మీద చెయ్యి కూడా వాడిదే. ఇలాంటి ప్రతిపాదన మన దగ్గరికి వస్తే 'ఒకే కొనుగోలుదారుపై ఆధారపడటం' అని ఎర్ర సిరాతో రాస్తాం.

ఆ ప్రమాదం 1977లో నిజమైంది. మిట్స్‌ను పెర్టెక్ అనే పెద్ద సంస్థ కొంటోంది. పోటీ కంపెనీలకు బేసిక్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు, రాయల్టీ చెల్లింపులూ ఆగాయి. చేతిలో నగదు లేక కుర్రవాళ్ల పరిస్థితి కటకటగా మారింది. అయితే ఒప్పందంలో ఒక షరతు ఉంది: బేసిక్‌ను ఇతరులకు లైసెన్సు చేసి వ్యాప్తి చేయడానికి మిట్స్ తన శాయశక్తులా కృషి చేయాలి. ఆ మాట ఆధారంగా వివాదం మధ్యవర్తి ముందుకు వెళ్లింది. తీర్పు మైక్రోసాఫ్ట్‌కు అనుకూలంగా వచ్చింది. తమ సరుకును ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ దక్కింది. ఒక్క షరతు కంపెనీని బతికించింది.

ఈ పాత ఖాతాదారును అడిగితే ఏం చెబుతాడు? 'తెలివైనవాళ్లే, కానీ గట్టి పిండాలు, ఒప్పందం అక్షరం అక్షరం చదువుతారు' అంటాడు. విరోధి నోట వచ్చే ఈ మాట రుణదాత చెవికి అంత చెడ్డగా వినిపించదు.

మూడవ అభిప్రాయం: తయారీదార్లు

అసలు పేరు ఇక్కడ ఉంది. 1977 తర్వాత అమెరికాలో కొత్త కంప్యూటర్ కంపెనీలు వరసగా పుట్టుకొచ్చాయి. యంత్రం ఎవరిదైనా అందులో బేసిక్ ఉండాలి, లేకపోతే కొనేవాడు లేడు. సొంతంగా రాయించుకునే సమయం చాలామందికి లేదు. కమడోర్ పెట్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్, రేడియో షాక్ అమ్మిన టీఆర్ఎస్-80 లెవెల్ టూలో మైక్రోసాఫ్ట్ బేసిక్, ఆపిల్ టూ కోసం ఆపిల్‌సాఫ్ట్ పేరుతో వచ్చిందీ మైక్రోసాఫ్ట్ బేసిక్కే. ఒకరికొకరు బద్ధ శత్రువులైన ముగ్గురికీ సరఫరాదారు ఒక్కడే. తర్వాత ఫోర్‌ట్రాన్, కోబాల్ కూడా చేర్చారు. 1978లో రాబడి పది లక్షల డాలర్లు దాటింది. 1979 మొదట్లో కంపెనీ ఆల్బుకర్కీ నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూకు మారింది.

ఈ తయారీదార్ల దగ్గర మైక్రోసాఫ్ట్ అంటే ఒకటే అర్థం: 'చిన్న కంప్యూటర్లకు భాషలు కావాలంటే అక్కడికి వెళ్లండి'. ఇది ఇరుకైన పేరు, కానీ లోతైన పేరు. గడువులు వాళ్లూ కొన్నిసార్లు దాటించారు. అయినా ఆ పని చేయగలిగినవాళ్ల జాబితా రాస్తే పైవరసలో ఆ పేరే ఉండేది.

ఏనుగు ఎందుకు ఆగింది?

1980 జూలైలో ఐబీఎం తరఫున జాక్ శామ్స్ ఫోన్ చేశాడు. ఫ్లోరిడాలోని బోకా రాటన్ బృందం ఏడాదిలోపు ఒక చిన్న కంప్యూటర్ తేవాలని చూస్తోంది. అంత తక్కువ సమయంలో అన్నీ సొంతంగా చేయలేక ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, భాషలు మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకోవాలనుకుంది. గమనించండి, వాళ్లు వచ్చింది ప్రధానంగా భాషల కోసం. ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంటే గేట్స్ వాళ్లను కాలిఫోర్నియాలో గ్యారీ కిల్డాల్ నడిపే డిజిటల్ రీసెర్చ్‌కు పంపించాడు. ఆ రోజుల్లో ఆ రంగంలో పేరున్నది కిల్డాల్ రాసిన సీపీఎం సిస్టమ్‌కే. అక్కడ ఒప్పందం కుదరలేదు. ఐబీఎం మళ్లీ మైక్రోసాఫ్ట్ దగ్గరికే వచ్చింది.

అప్పుడు పక్కనే ఉన్న సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అనే సంస్థలో టిమ్ పాటర్సన్ రాసిన సిస్టమ్ మైక్రోసాఫ్ట్ కంటపడింది. ముందు లైసెన్సు తీసుకుని, 1981 జూలైలో 50 వేల డాలర్లకు పూర్తి హక్కులు కొన్నారు. వెనకాల ఉన్న కొనుగోలుదారు ఐబీఎం అన్న సంగతి అమ్మినవాళ్లకు చెప్పలేదు. ఆ సంస్థ తర్వాత కోర్టుకెక్కి 1986లో 9 లక్షల 25 వేల డాలర్లకు రాజీపడింది. మన ఎంక్వయిరీలో ఈ నాలుగో గొంతును కూడా వినాలి.

1980 నవంబరులో ఐబీఎంతో ఒప్పందం కుదిరింది. అమ్మిన ప్రతి కాపీకీ రాయల్టీ అడగలేదు, ఒకేసారి చెల్లింపుకు ఒప్పుకున్నారు. బదులుగా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇతర తయారీదార్లకు అమ్ముకునే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. 1975లో మిట్స్‌కు రాసిచ్చి, 1977లో పోరాడి తెచ్చుకున్న హక్కు అదే. ఒకసారి చెయ్యి కాలినవాళ్లు రెండోసారి అదే కాగితం మీద సంతకం పెట్టలేదని నా అంచనా. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. ఆ తర్వాత కంపాక్ మొదలుకుని ఐబీఎం నమూనాను అనుసరించిన కంపెనీలన్నీ డాస్ కోసం మైక్రోసాఫ్ట్ గుమ్మమే తొక్కాయి.

మనదేశంలో ఐబీఎం 1978లోనే వ్యాపారం మూసుకుని వెళ్లిపోయింది. రంగరాజన్ కమిటీ 1984 నివేదిక తర్వాతే బ్యాంకు శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు రావడం ఊపందుకుంది. నల్ల తెర మీద మిణుకుమనే కర్సర్‌ను చూసిన మన సీనియర్లు, ఆ కర్సర్ వెనక ఉన్న ఒప్పందం ఫలితాన్నే చూశారు.

పేరుకు హద్దు ఉంటుంది

గెలుపు తర్వాత చదివితే అన్నీ ముందే రాసిపెట్టినట్టు కనిపిస్తాయి. అది పొరపాటు. భాషల్లో వచ్చిన పేరు అన్నిచోట్లా చెల్లలేదు. 1982లో తెచ్చిన మల్టీప్లాన్ లెక్కల పట్టిక, మరుసటి ఏడాది వచ్చిన లోటస్ 1-2-3 ముందు నిలవలేకపోయింది. 1983 నవంబరులో ప్రకటించిన విండోస్ బజారులోకి రావడానికి రెండేళ్లు పట్టింది. వచ్చాక కూడా ఆదరణ అంతంతమాత్రమే. 1990లో మూడో రూపం వచ్చేదాకా అది నిలదొక్కుకోలేదు. ఒక పనికి వచ్చిన పేరును మరో పనికి పూచీగా తీసుకోకూడదన్నమాట.

మన టేబుల్ మీదకు

నేను ఎంఎస్ఎంఈ రుణాలు చూసే రోజుల్లో రైసు మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే ఒక యువకుడి ప్రతిపాదన వచ్చింది. స్థిరాస్తి ఏమీ లేదు. పూచీకత్తు లేని రుణాలకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ పథకం ఉంది కాబట్టి తాకట్టు ప్రశ్నకు ఒక దారి దొరుకుతుంది. మనిషి ప్రశ్నకు ఏ పథకమూ జవాబు ఇవ్వదు. ఒకరితో ఒకరు పోటీపడే నాలుగు మిల్లుల గుమాస్తాలతో విడివిడిగా మాట్లాడాను. ఒకరికి అతని మాటతీరు నచ్చలేదు, ఇంకొకరికి రేటు నచ్చలేదు. సీజను మధ్యలో ప్రోగ్రాం ఆగితే రాత్రికి రాత్రి వచ్చి సరిచేస్తాడని మాత్రం నలుగురూ చెప్పారు. ఆ ఒక్క వాక్యాన్ని, ఎవరు చెప్పారో సహా, రిపోర్టులో రాశాను.

అలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు వేసుకోదగిన ప్రశ్నలు నాలుగు:

1. పేరు ఎవరి దగ్గర? వాడకందారు, డబ్బు కట్టే కొనుగోలుదారు, పాత భాగస్వామి, సరుకు అమ్మినవాడు, వీరిలో ఎవరి మాట తిరిగి చెల్లింపుతో ముడిపడి ఉంది?

2. పేరు ఏ పనికి? అడిగిన రుణం ఆ పనికేనా, లేక పేరు లేని కొత్త పనికా?

3. పోటీదారులు కూడా కొంటున్నారా? ఒకరికొకరు పడని వాళ్లు ఒకే మనిషి దగ్గర కొంటే దానికన్నా గట్టి సాక్ష్యం లేదు.

4. ప్రధాన ఒప్పందంలో ఏ హక్కు ఎవరి దగ్గర ఉంది? ఆర్డరు విలువ చూసి ఆగిపోకుండా ప్రత్యేక హక్కు, కాలపరిమితి, చెల్లింపు షరతులు చదివామా?

శాఖ స్టడీ సర్కిల్‌లో చర్చకు ఒక అభ్యాసం ఇస్తున్నాను. తేదీ 1980 జూలై 1. ఐబీఎం ఫోన్ ఇంకా రాలేదు. పైన చెప్పిన ఇద్దరు భాగస్వాములు వర్కింగ్ క్యాపిటల్ కోసం మీ శాఖకు వచ్చారు. ఆ రోజుకు తెలిసిన విషయాలతోనే, తర్వాత జరిగినదంతా పక్కనపెట్టి, ఒక పేజీలో ఒపీనియన్ రిపోర్టు రాయండి. 'మంచి పేరుంది' అన్న వాక్యం మాత్రం వాడకూడదు.