భయానికీ ఓ టైమ్ పెట్టండి

ఆవిడ బాత్రూంలో రెండుసార్లు దగ్గితే హాల్లో టీవీ సౌండ్ తగ్గించి చెవి అటు పడేస్తున్నారా? ఒక ముద్ద తక్కువ తింటే "ఏం, ఆకలి లేదా?" అని అడిగి, చెప్పిన జవాబు నమ్మలేకపోతున్నారా? అందరూ పడుకున్నాక ఫోన్లో ఆ జబ్బు పేరు కొట్టి, పక్కన 'మళ్ళీ వస్తుందా' అని వెతుకుతున్నారా? క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ అయిపోయి, భార్య జుట్టు మళ్ళీ జడకు అందుతున్న రోజుల్లో భర్తకు మొదలయ్యే భయం ఇది.

వైద్యం నడిచినన్నాళ్ళూ దీనికి తీరిక దొరకదు. రక్త పరీక్షలు, ఇంజెక్షన్లు, బిల్లులు, క్యాంటీన్ ఇడ్లీలు. ఆ హడావుడంతా అయ్యాక డాక్టరుగారు "ఇక మూడు నెలలకు రండి" అంటారు. చేతిలో పని పోతుంది, ఆ ఖాళీలో భయం వచ్చి కూర్చుంటుంది. తిరగబెడుతుందేమోనన్న బెంగ రోగి కంటే జీవిత భాగస్వామికే ఎక్కువగా ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది కూడా. వచ్చిన చుట్టాలు మాత్రం "ఆవిడకెలా ఉంది?" అనే అడుగుతారు. మీకెలా ఉందని అడిగే నాథుడుండడు.

ముందు మీ భయం దేని గురించో తెలుసుకోండి. రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. ట్రిపుల్ నెగెటివ్ రకమైతే తిరగబెట్టే ముప్పు మొదటి 3 ఏళ్ళలో ఎక్కువ, 5 ఏళ్ళు దాటాక బాగా తగ్గుతుంది. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ రకం అలా కాదు. ముప్పు కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి ఉంటుంది. టామాక్సిఫెన్ లాంటి మాత్రలు 5 ఏళ్ళు, ఒక్కోసారి 10 ఏళ్ళు వాడించేది అందుకే. ఆవిడది ఏ రకమో తెలియకుండా పడే భయానికి అంతుండదు. ఈసారి వెళ్ళినప్పుడు చీటీ మీద రాసుకెళ్ళండి: ఇది ఏ రకం, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, తర్వాతి పరీక్ష ఏది, ఎప్పుడు.

అన్నట్టు, "ఎందుకైనా మంచిది, పెట్ స్కాన్ రాయండి" అని డాక్టరు వెంట పడకండి. ఏ లక్షణమూ లేని రొమ్ము క్యాన్సర్ పేషెంటుకు క్రమం తప్పని చెకప్, ఏటా మామోగ్రామ్ ప్రధానం. పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు మాటిమాటికీ చేయించినంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. ఎక్కడో ఓ చిన్న మచ్చ కనబడి, దాని కోసం ఇంకో పరీక్ష, అది తేలేదాకా ఇంటిల్లిపాదికీ జాగారం. డబ్బు పెట్టి భయాన్ని కొనుక్కోవడమే.

అసలు చిక్కు నిఘాలో ఉంది. "నడుం నొప్పా? ఎప్పట్నించి? ఏ పక్క?" అని మీరు ఆరా తీసిన ప్రతిసారీ ఆవిడకు ఆస్పత్రి వరండా గుర్తొస్తుంది. నాలుగుసార్లు చూసి, అయిదోసారి నొప్పి సంగతి చెప్పడమే మానేస్తుంది. మీ భయం వల్ల జరిగే నిజమైన నష్టం ఇదే. కాబట్టి ఓ ఒప్పందానికి రండి. కొత్తగా వచ్చిన బాధ రెండు వారాలైనా తగ్గకపోయినా, ఈలోపే పెరుగుతున్నా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయాసం, ఫిట్స్, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం లాంటివైతే ఆ రోజే ఆస్పత్రికి. తక్కినవాటికి ప్రశ్నలు బంద్. ఆవిడ దాచకూడదు, మీరు తవ్వకూడదు.

జబ్బు ఆయనదైతే ఈ నిఘా ఇంకో రకం. నోటి క్యాన్సర్ నుంచి బయటపడ్డ భర్త చొక్కా జేబులు వెతికే ఇల్లాలిని నేను తప్పు పట్టను. గుట్కా మళ్ళీ మొదలైతే రెండో క్యాన్సర్ ముప్పు పెరిగే మాట నిజం. అయినా జేబులు తడమడం కంటే, మాన్పించే మందులూ కౌన్సెలింగూ ఉన్నాయని ఆయన్ని తీసుకెళ్ళడం మేలు.

మగవాళ్ళు చేసే ఇంకో పని ధైర్యం నటించడం. "నాకేం భయం లేదు, నువ్వు బెంగపడకు" అంటారు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి మీ మొహం చదవడం రాదా? "ఎల్లుండి స్కాన్ అంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు, నీకెలా ఉంది?" అని చూడండి. "హమ్మయ్య, నాకొక్కదానికే అనుకున్నానండీ" అనే మాట వినబడొచ్చు.

ఆ బెంగ రోజంతా నమలకుండా ఓ ఉపాయం ఉంది. 1983లో థామస్ బోర్కొవెక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బృందం దీన్ని పరీక్షించి చూసింది. రోజూ ఒకే చోట, ఒకే వేళ, ఓ అరగంట చింతకు కేటాయించాలి. పొద్దున బస్సులో భయం వస్తే "సాయంత్రం 6కి చూద్దాం" అని వాయిదా వేయాలి. ఆ టైముకి కాగితం తీసి, నేను చేయగలిగింది ఒక పక్క, చేయలేనిది ఇంకో పక్క రాయండి. ఇన్సూరెన్స్ రెన్యువల్, బ్యాంకులో నామినీ పేరు మొదటి పక్కకు వస్తాయి. రేపే వాటి పని చూడండి. పడుకోబోయే ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి.

స్కాన్ రోజుల్లో మరీ జాగ్రత్త. ఇప్పుడు రిపోర్ట్ డాక్టరు కంటే ముందు వాట్సాప్‌కే వచ్చేస్తోంది. రాత్రి 11 గంటలకు 'నాడ్యూల్' (చిన్న గడ్డ) అన్న ముక్క చదివి తెల్లార్లూ కూర్చున్నవాళ్ళున్నారు. నాడ్యూల్ అన్నంత మాత్రాన అది క్యాన్సరే అని కాదు. స్కాన్‌తో పాటే డాక్టరు అపాయింట్‌మెంటూ తీసుకుని, ఆ రిపోర్ట్ ఆయన గదిలోనే తెరుద్దామని ముందే అనుకోండి.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఆఫీసులో ఫైలు ముందుకు కదలకపోతే, సైకాలజిస్టును కలవండి. ఈ భయానికే ప్రత్యేకంగా తయారుచేసిన చికిత్సలు ఇప్పుడున్నాయి. వెళ్ళడానికి మొహమాటమైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. "జబ్బు నాది కాదండీ, మా ఆవిడది" అని మొదలుపెట్టినా వింటారు.