గణాచారము – డెలివరీ కార్మికుల సంఘము

వీరశైవమున పంచాచారములు లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని చెప్పబడినవి. వీనిలో మొదటి మూడింటిని గురించి మన గోష్ఠులలో విరివిగా చర్చ జరుగుచుండును. గణాచారము దగ్గరకు వచ్చుసరికి మడివాలు మాచయ్య కథ నొకదానిని చెప్పి ముగించుట అలవాటైపోయినది. శివనిందను, శరణుల అవమానమును విని మిన్నకుండరాదనుట గణాచారమునకు పెద్దలు చెప్పిన అర్థము. బిజ్జలుని బలగమున కెదురు నిలిచిన మాచయ్య పండితుడు కాడు, దండనాయకుడు కాడు; శరణుల మైలబట్టలు ఉతుకుట ఆయన కాయకము. చేతిపని చేయువాడే గణము పక్షమున నిలిచినాడను సంగతిని మనము కథలో వినుచున్నాము గాని, దానిని నేటి పనివానికి అన్వయించి చూచుట లేదు.

ఆ అన్వయమునకు ఇప్పుడు అవసరము కలిగినది. జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతముల నుండి వచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ పరిసరములలో నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొని, యాప్ సంస్థల డెలివరీ పని చేయుచున్న యువకులు మన సమాజమున గలరు. వారు కార్మిక సంఘములో చేరవచ్చునా, పనిని పూజగా నమ్మినవాడు సమ్మెకు దిగవచ్చునా అని పెద్దలు కొందరు అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాని అందు కాయకమును గూర్చిన ఒక పొరపాటు అభిప్రాయము దాగియున్నది.

కాయకమనగా చెప్పిన పనిని తలవంచి చేయుట మాత్రమే యైనచో, దానికి బసవేశ్వరుడు అక్కరలేదు; ప్రతి యజమానియు ఆ పాఠము చెప్పగలడు. కాయకమునకు శుద్ధి యుండవలెను. చేయు చేతికి గౌరవము, వచ్చు ఫలమునకు లెక్క, మిగిలినదానికి దాసోహము – ఇవి మూడును కూడినప్పుడే అది కాయకము. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని వాకిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి జీవించెడివాడు. ఒకనాడు నిత్యము కన్న హెచ్చుగా తెచ్చినందున భార్య లక్కమ్మ దానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపినది. ఈ కథను ఆశ తగదని చెప్పుటకే సాధారణముగా వాడుదురు. అందు మరొక ధర్మము గలదు. ఆ ఇంట ఎంత రావలెనో, ఎంత వచ్చినదో ఇల్లాలికి తెలియును. హెచ్చు ఎక్కడిదని ఆమె అడుగగలిగినది. లెక్క కనబడని చోట లక్కమ్మ కూడ ఏమియు అడుగజాలదు.

కూకట్‌పల్లి చుట్టుపట్ల పనివారి సంఘములు క్రొత్త కాదు. బాలానగరులో ఐ.డి.పి.ఎల్., సనత్‌నగరులో ఆల్విన్, ఇక్కడనే ఐ.డి.ఎల్. కర్మాగారములు నడచిన రోజులలో వేలాది కార్మికులు ఈ ప్రాంతమున స్థిరపడిరి. ఆల్విన్ కాలనీ అను పేరు ఆ కాలమునకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది. ఆనాడు కర్మాగారమునకు ఒక గేటుండెను. షిఫ్టు మారునప్పుడు అందరును ఆ గేటు దగ్గరనే కలిసికొనెడివారు. కోరికల పత్రము ఇచ్చుటకు లోపల ఒక అధికారి కుర్చీలో కూర్చుండియుండెను. నేడు హైటెక్ సిటీ వైపు వేడి అన్నపు పొట్లములు మోయు యువకునికి గేటు లేదు, అధికారి లేడు. చేతిలో ఒక ఫోను మాత్రము గలదు. అడ్డా మీద నిలుచు కూలీ సైతము పనికి పోవుటకు ముందు మేస్త్రీ ముఖము చూచి కూలి బేరమాడుకొనును. ఇతనికి ఆ పాటి ముఖాముఖియు లేదు.

పని తీరు ఇట్లుండును. ఆర్డరు వచ్చును; దూరము, రాబడి తెరపై కనబడును. ఆ రాబడిని ఏ లెక్కన కట్టిరో, ఇన్సెంటివు నియమము నిన్నటికి నేటికి ఎందుకు మారినదో అతడు తెలిసికొనలేడు. బండి తనది, పెట్రోలు తనది, టైరు అరిగిన ఖర్చు తనది. కొనుగోలుదారు కోపముతో రేటింగు తగ్గించినచో దాని ఫలితము ఇతనిపై పడును. ఐడీ బ్లాకయినచో తన మాట వినిపించుకొనుటకు మనిషి దొరకుట దుర్లభము. 2026 జనవరిలో జొమాటో సంస్థ పక్షమున దీపిందర్ గోయల్ స్వయముగా ప్రకటించిన లెక్క ప్రకారము, 2025లో డెలివరీ పనివాని సగటు రాబడి, టిప్పులు గాక, గంటకు 102 రూపాయలు. పెట్రోలు, బండి మరమ్మతు అందులోనుండియే పోవలెను. ఆ లెక్కను బయట పెట్టుటయే మేలైన పని. అయితే పనివారు సమ్మెకు దిగి, దేశమంతయు చర్చించిన పిమ్మటనే అది బయటకు వచ్చినదను సంగతిని గమనింపవలెను.

సంస్థలు ఇతనిని ఉద్యోగి యనవు, భాగస్వామి యనును. మాట మధురముగా నున్నది. భాగమెంతో చెప్పని భాగస్వామ్యము ఏ వ్యాపార ధర్మమునకును లొంగదు. బ్రిటనులో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. ఊబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, పనివారే యని 2021 ఫిబ్రవరి 19న ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. మన దేశమున ఇట్టి పనివారి సాంఘిక భద్రత కొరకు యాప్ ఆధారిత రవాణా కార్మికుల సమాఖ్య అదే సంవత్సరము మన సుప్రీంకోర్టు నాశ్రయించినది.

ఒక్క సంఘటనను ఇచట స్మరింపవలెను. 2021 జూనులో హైదరాబాదు కింగ్‌కోఠీలో టీ ఆర్డరిచ్చిన ఒక గృహస్థు, వానలో తొమ్మిది కిలోమీటర్లు సైకిలు తొక్కి వచ్చిన యువకుని చూచి చలించి, తెలిసినవారినందరిని కోరగా దాదాపు 73,000 రూపాయలు పోగైనవి. దానితో ఆ యువకునికి మోపెడు కొనియిచ్చిరి. ఆ గృహస్థు హృదయము గొప్పది. కాని ఇది దానము. దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద నుందురు. ఇచ్చువాని కంటబడినవానికే అది అందును. దాసోహమున పై, క్రింద అనునవి లేవు. రావలసినది హక్కుగా అందరికిని రావలెను. వానలో సైకిలు తొక్కిన మిగిలిన వారి మాటేమి అను ప్రశ్నకు దానము జవాబు చెప్పజాలదు. ఆ ప్రశ్నను అడుగవలసినది సంఘమే.

సంఘము అడిగినది కూడ. 2022 ఆగస్టులో హైదరాబాదున ఒక కొనుగోలుదారు తన ఆహారమును ముస్లిము చేత పంపవద్దని ఆర్డరులో వ్రాసినప్పుడు, తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ వ్యవస్థాపక అధ్యక్షుడు షేక్ సలావుద్దీన్ దానిని బహిరంగపరచి, సంస్థ తన వైఖరి చెప్పవలెనని నిలదీసినాడు. కులము నడిగి కల్యాణమున ఎవరిని కూర్చుండబెట్టలేదని మనము గర్వముగా చెప్పుకొందుము. మోసికొని వచ్చినవాని మతము నడిగిన చోట ఎదురు పలికినది మాత్రము ఆ యూనియన్. దీనిని గణాచారమనక వేరేమనవలెను? ఈ అన్వయము నాది. పండితులు కాదన్నచో వారి వాదమును వినుటకు సిద్ధముగా నున్నాను.

2023 డిసెంబరు 23న నాంపల్లిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇట్టి పనివారితో సమావేశమై 5 లక్షల రూపాయల ప్రమాద బీమాను ప్రకటించినాడు. రాష్ట్ర ప్రభుత్వము 2025 ఏప్రిలులో వీరి కొరకు బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయమునకై వెలువరించినది. రాజస్థాన్ 2023లోనే ఇట్టి చట్టము చేసినది. కర్ణాటకయు 2025లో చేసినది. కేంద్రపు సాంఘిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో నూటికి ఒకటి నుండి రెండు వంతులు – పనివారికి చెల్లించు మొత్తములో ఐదు శాతమునకు మించకుండ – వీరి భద్రతా నిధికి ఇయ్యవలెను. ఇది ఆపదలో ఆదుకొను నిధి. ఆర్డరుకు ఎంత యియ్యవలెను, ఐడీ బ్లాకయినచో విచారణ ఎట్లు జరుగవలెను అను విషయములను ఈ నిధి తేల్చదు. వానిని మాటలాడి తేల్చుకొనుటకు ఎదురుగా ఒక సంఘముండవలెను. సంఘములు, యూనియన్లు ఏర్పరచుకొను హక్కును రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులందరికిని ఇచ్చినది. ఉద్యోగి యని ఎవరో ఒప్పుకొన్న పిమ్మటనే అది దక్కునని అందు లేదు.

ఇక సమ్మె సంగతి. 2025 డిసెంబరు 25, 31 తేదీలలో ఈ సంఘములు దేశవ్యాప్తముగా పిలుపు నిచ్చినవి. 31వ తేది రాత్రికి కొన్ని సంస్థలు ఆర్డరు రాబడిని బాగుగా పెంచినవి. పండుగ దినములలో ఇది మామూలేయని చెప్పినవి. కావచ్చును. ఆ దినములలో పది నిమిషముల డెలివరీ మీద చెలరేగిన చర్చ మాత్రము వృథా పోలేదు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రితో సంప్రదింపుల తరువాత బ్లింకిట్ సంస్థ తన ప్రకటనల నుండి ‘పది నిమిషములు’ అను మాటను తొలగించినది. కూకట్‌పల్లి వై జంక్షను దగ్గర సాయంకాలము రోడ్డు దాటినవానికి ఆ మాట తొలగుట ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

సమ్మె చేసినచో మంచమున నున్న వృద్ధునికి మందు ఎవరు తెత్తురని అడుగువారున్నారు. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. గణాచారము వెంటనే భృత్యాచారమును చెప్పుటలో అర్థమున్నది. గణము కొరకు నిలుచువాడు గణమునకు భృత్యుడై యుండవలెను. మందుల ఆర్డర్లను సమ్మె నుండి మినహాయించుట, పనికి పోవువానిపై చేయి చేసికొనకుండుట, చందా లెక్కను ప్రతి నెలయు సభ్యుల ముందు పెట్టుట – ఇవి లేని సంఘమున మన పిల్లలను చేరుమని నేను చెప్పను. సంస్థను లెక్క అడుగువాడు తన లెక్కను దాచరాదు గదా. ఇది నాలుగు నెలల పని, దీనికి సంఘమెందుకని మరికొందరి వాదము. నాలుగు నెలలలో కాలు విరిగినచో అది నాలుగు నెలలలో అతుకుకొని కుటుంబమును వదలునని వారు హామీ యియ్యగలరా?

సంఘములో చేరుటకు గోష్ఠి కావలెను, గోష్ఠికి చోటు కావలెను. శరణులకు అనుభవ మంటపముండెను. చాకలి, పడవవాడు, త్రాళ్ళు పేనువాడు అచట అల్లమప్రభువు సమక్షమున సమానముగ కూర్చుండిరని సంప్రదాయము చెప్పుచున్నది. కూకట్‌పల్లి మీదుగా సాగు ముంబయి రహదారియే జహీరాబాదు, హుమ్నాబాదు దాటి బసవకల్యాణ సమీపమునకు చేరును. ఆ దారి పొడవునను ఈ యువకులు హోటళ్ళ మెట్లమీద, మెట్రో స్తంభముల నీడన నిలబడి ఆర్డరు కొరకు ఎదురుచూచుచున్నారు. మన సమాజ భవనములు పెండ్లిండ్లు లేని దినములలో మధ్యాహ్నము మూడు నుండి ఆరు వరకు తాళము వేసియే యుండును. ఆర్డర్లు తగ్గు వేళయు అదియే. ఒక చాప, త్రాగునీరు, ఫోను చార్జింగుకు నాలుగు ప్లగ్గులు చాలును. ఏ మతమువాడైనను, ఏ సంస్థ టీషర్టు తొడిగినను కూర్చుండనియ్యవలెను. కరెంటు ఖర్చును ఎవరు భరించవలెనను విషయమును రాబోవు కార్యవర్గ సమావేశములలో తేల్చుకొనవచ్చును.