ముందు కాగితం, తర్వాత ఫ్లాటు

చి. మాధవికి,

ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టే కంపెనీలో ఎగ్జిక్యూటివ్‌గా చేరావని అమ్మ ఫోన్ చేసింది. ‘‘చదివిన చదువుకి బ్రోకర్ పనేమిటి’’ అని మీ నాన్న మూతి ముడిచాడట. ఈ చెన్నపట్నం పుట్టిందే మధ్యవర్తి చేతుల మీదుగా అని చెప్పు. 1639లో ఇక్కడి పాలకులైన దామర్ల నాయకుల దగ్గర ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే కోటకి జాగా అడిగినప్పుడు, ఇంగ్లీషువాళ్ల తరఫున బేరం నడిపినవాడు బేరి తిమ్మప్ప, మన తెలుగువాడే.

మొదటి ఏడాది నీకు టార్గెట్లు పెట్టి, బాగా మాట్లాడటం నేర్పుతారు. కాగితం చదవడం మాత్రం నువ్వే నేర్చుకోవాలి. అందులోనే అన్నం ఉంది.

మూల దస్తావేజుని ఇక్కడ తాయ్ పత్రం అంటారు. అక్కణ్ణించి ఇవాళ్టి యజమాని దాకా చేతులు ఎలా మారాయో వరసగా రాసుకో. మధ్యలో ఒక తండ్రి పోయి, ముగ్గురు పిల్లల్లో ఇద్దరే సంతకం పెట్టి ఉంటారు. ఆ మూడో మనిషిని ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, చూపించదు. అది రిజిస్టరైన లావాదేవీలనే చూపిస్తుంది. పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని అమ్మడానికొచ్చినవాణ్ణి, అది రాసిచ్చిన మనిషి బతికున్నాడా అని మొహమాటం లేకుండా అడుగు.

ఫ్లాటైతే ముందు యూడీఎస్ చూడు, అంటే భూమిలో వాటా. ఒక గ్రౌండులో ఎనిమిది సమాన వాటాలుంటే, ఒక్కో ఫ్లాటుకి వచ్చేది 300 చదరపు అడుగులే. పాతికేళ్ల తర్వాత బిల్డింగ్ కూల్చి కట్టేటప్పుడు ఆ వాటా గురించే కొట్టుకుంటారు. అన్నట్టు, నెల్లూరు నుంచో విజయవాడ నుంచో వచ్చినవాళ్లకి గ్రౌండు అంటే అంతుపట్టదు. 2400 చదరపు అడుగులు, సుమారు 267 గజాలు, ఐదున్నర సెంట్లు అని లెక్క కట్టి చెప్పు.

ఇక నీళ్లు. ఎండాకాలంలో ఈ ఊళ్లో ప్రతి స్థలమూ మెరకగానే కనిపిస్తుంది. 2015 డిసెంబరులో ముడిచ్చూరు, వేళచ్చేరి మునిగినప్పుడు తెలిసింది ఏది చెరువో, ఏది వీధో. కార్తీకంలో ఓసారి వాన వెలిసిన మర్నాడు వెళ్లి చూడు. ప్రహరీ గోడకి నడుము ఎత్తు దాకానే కొత్త రంగేశారా, కరెంటు మీటరు ఈమధ్యే పైకి జరిపారా గమనించు. ఎదురింటి ఇస్త్రీ బండివాణ్ణి అడిగితే బ్రోచరులో లేనిదంతా చెబుతాడు. విన్నది కొనేవాళ్లకి నువ్వే చెప్పెయ్యి. ఒక బేరం పోతే పోతుంది, ఆ మనిషి మాత్రం తన తోడల్లుణ్ణి నీ దగ్గరికే పంపుతాడు.

ఇళ్ల, స్థలాల అమ్మకాలని అదుపు చేసే రెరా చట్టం 2016లో వచ్చింది. దాని కిందికొచ్చే ప్రాజెక్టు రిజిస్టరు కాకుండా అమ్మితే, లేని సదుపాయం ఉందని చెబితే, తప్పు బిల్డరు మీదకి నెట్టి తప్పించుకోలేవు. ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ కావాలి. నీ కంపెనీ నంబరు గోడ మీద ఉందో లేదో మొదటి రోజే చూసుకో.

కమీషన్ ఎంతో, ఎవరిస్తారో స్థలం చూపించే ముందే రాతలో పెట్టించు. రిజిస్ట్రేషన్ అయ్యాక అడిగితే అమ్మినవాడు ఊళ్లో ఉండడు, కొన్నవాడు గృహప్రవేశం ఖర్చుల్లో ఉంటాడు.

ఇట్లు,
మీ మామయ్య