పండుగల్లేని నెలలు

చెల్లె, ఈ ముచ్చట పండుగలది కాదు, పండుగలు లేని నెలలది.

మన సంఘంల పండుగలు ఎప్పుడెప్పుడొస్తయో ఒకసారి యాది చేసుకో. డిసెంబరు పడంగనే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, ఇంటి మీద నక్షత్రం. ముప్పై ఒకటి రాత్రి ఆరాధన, వాగ్దాన కార్డులు. పంట ఇంటికొచ్చినంక కోత పండుగ. ఆ వెనక నలభై దినాల శ్రమకాలం, ఈత మట్టలు పట్టుకొని మట్టల ఆదివారం, ఏడు మాటల శుక్రవారం, సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టే ఈస్టరు. ఎండలు ముదిరినంక పిల్లలకు వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి. ఆఖరికి పెంతెకొస్తు. అంతే. ఆడికెల్లి మళ్ల చలికాలం దాకా పెద్ద పండుగంటూ ఏం లేదు.

మన బతుకుల అసలు కష్టమంతా ఆ ఖాళీలనే పడ్డది. మృగశిర నుంచి దసరా దాకా చేతిల పైస ఉండదు. పత్తి గింజల ప్యాకెట్లు, డీఏపీ, యూరియా కోసం లైన్ల చెప్పులు, కలుపు కూలీలు, పిల్లలకు బడి ఫీజులు, వానకు జ్వరాలు, చేన్ల పాములు. డిసెంబరుల స్తోత్రం చెప్పుడు అల్కగనే ఉంటది. ఆగస్టుల నోరెట్ల వస్తదన్నదే నా ముచ్చట.

2025ల ఒక చిత్రం జరిగింది. పెంతెకొస్తు, మృగశిర కార్తె రెండూ జూన్ 8నే పడ్డయి. పొద్దున మందిరంల పరిశుద్ధాత్మ మీద ప్రసంగం, పగటీలి ఇంట్ల చేపల పులుసు. బైబిలు కాలంల యూదులకు పెంతెకొస్తంటే గోధుమ కోతల పండుగ. కొత్త పంటతోని దేవుని ముందర నిలబడేటోళ్లు. మనమేమో అదే దినాలల్ల గింజల కోసం షాపు ముందర నిలబడతం, మెడల పుస్తెలు కుదువబెట్టి. వాళ్లకు చేతికొచ్చినంక పండుగ, మనకు చేతి నుంచి పోయేటప్పుడు పండుగ. మనదే ఎక్కువ విశ్వాసమడిగే పండుగని నేనంట.

గద్వాల దిక్కు చెల్లెండ్ల ముచ్చట ఇంకో తీరు. ఆడ విత్తనాల కోసం పండిచ్చే సీడు పత్తి ఎక్కువ. క్రాసింగ్ మొదలైతే పగటీలి మొగ్గలు ఒలవాలె, తెల్లారి మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకు పుప్పొడి అంటియ్యాలె. వానకాలంల వారాల తరబడి ఇదే పని. పువ్వుకు ఆదివారమని తెల్వదు. ఇయ్యాల విడిచిపెట్టిన పువ్వు రేపటికి పనికిరాదు. రైతేమో విత్తన కంపెనీ ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉంటడు, కూలికొచ్చిన అక్క ఆ రైతు దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉంటది. ఆదివారం పదింటికి మందిరానికి రాలేదని ఆ అక్కను విశ్వాసంల చల్లబడ్డదంటే నేనొప్పుకోను. శిష్యులు సబ్బాతు దినాన చేన్లల్ల వెన్నులు తెంపుకొని తింటే తప్పు పట్టింది పరిసయ్యులు. యేసు ప్రభువైతే వాళ్ల దిక్కే మాట్లాడిండు. ఆ నెలలల్ల ఆరాధన రాత్రి ఏడున్నరకు పెడితే ఏం పోతది? పాస్టరయ్యను అడగండి, పాస్టరమ్మతోని చెప్పియ్యండి. ఆ అక్కలు చేతులకు జిగురు ఉండంగనే వచ్చి కూసుంటరు, కునికిపాట్లు పడతరు. పడనియ్యండి.

ఇంకొక మాట గట్టిగనే చెప్తున్న. ఆ క్రాసింగ్‌కు బడి మాన్పించి ఆడపిల్లలను తోలుడు మాత్రం పాపం. మందిరంల ఆ పిల్లతోని కంఠత వాక్యాలు చెప్పిచ్చి, సోమవారం మళ్ల చేన్లకు తోలితే ఆ వాక్యాలు ఎవరికి?

పాతకాలం సంగతి కొంచెం చెప్పుకుందాం. 1890ల అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండల దిగిండ్రు. రష్యాల గోధుమలు పండిచ్చుకునే మెన్నోనైటు బ్రదరెన్ సంఘాలు వాళ్లను తోలినయి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తోని కలిసి పనిచేసిండ్రు. పాలమూరు దిక్కు బాప్టిస్టులు మొదలుపెట్టిన పనిని 1937ల మెన్నోనైటు బ్రదరెన్ మిషన్ తీసుకున్నది. 1907ల వచ్చిన డాక్టరమ్మ కేథరీనా షెల్లెన్‌బర్గ్ ముప్పై ఏండ్లకు పైన ఇక్కడనే వైద్యం చేసి, 1945ల శంషాబాదుల కన్నుమూసింది. వీళ్లందరి పేర్లు పుస్తకాలల్ల ఉన్నయి. గానీ ఒకటి గమనించు. ఈ మిషనరీ దొరలు బండ్లు, డేరాలు కట్టుకొని ఊర్లు తిరిగేది చలికాలంల. నడి ఎండలకు చల్లని కొండలకు పోయేటోళ్లు. వాగులు పొంగితే ఎడ్లబండి కదిలేది కాదు. ఆ వానకాలమంతా ఊర్లల్ల సంఘాన్ని పట్టుకొని ఉన్నదెవరంటే మన ఊరి బోధకులు, బైబిలు స్త్రీలే. పిల్లగాండ్లను చంకన పెట్టుకొని పల్లె పల్లె నడిచిన ఆ అవ్వల పేర్లు శానవరకు ఏ పుస్తకంల ఎక్కలేదు. పండుగల్లేని నెలలు మొదటి నుంచీ ఆడోళ్ల చేతులల్ల కూడా ఉన్నయన్నట్టు.

వానకాలంల మనం చేయగలిగింది చిన్నచిన్నదే. కొన్ని సంఘాలల్ల పిడికెడు బియ్యం అలవాటు ఇంక ఉన్నది. ఎసట్ల బియ్యం పోసేముందు పిడికెడు పక్కన తీసి, ఆదివారం మందిరానికి తేవాలె. ఆ బియ్యం జూలై, ఆగస్టుల పొయ్యి సరిగ అంటుకోని ఇంటికి పోవాలె. ఎవరింటికి పోయిందో మైకుల చెప్పొద్దు. ఇంకొకటి, మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంగిన అవ్వలున్నరు. ఇప్పుడు నల్లాల కృష్ణా నీళ్లొస్తున్నయి, గానీ వంగిన ఎముకలు తిన్నగ కావు. వాళ్లు చాప మీద కూసోలేక మందిరానికి రావుడు బంద్ చేస్తరు. గోడ పొంటి నాలుగు కుర్చీలు వేస్తే సగం మంది మళ్ల వస్తరు.

దసరాకు ఇంకో చిక్కు. పక్కింటి వదిన బతుకమ్మ ఆడొచ్చి సత్తుపిండి ఇస్తది. తీసుకోవాల్నా వద్దా అని ఏటేటా నన్ను అడుగుతరు. పౌలు కొరింథు సంఘానికి మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంల విగ్రహాలకు పెట్టిన తిండి గురించి రాసింది చదివి నీ మనస్సాక్షి చెప్పినట్టు చేయి. గానీ క్రిస్మస్‌కు మనం పంపే కేకు, గారెలు ఆ వదిన నవ్వుకుంట తీసుకుంటదన్నది మాత్రం మర్చిపోకు. దసరా వెళ్లినంక ఆమె పెనిమిటి, మీ ఆయన ఒక్కటే బస్సెక్కి కూలి పనికి ముంబై, పుణె పోయేటోళ్లు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చినంక కొన్ని ఊర్లల్ల వలస తగ్గింది, అన్ని ఊర్లల్ల తగ్గలేదు. ఆడ మేస్త్రీ పైసలియ్యకుంటే ఇద్దరి ఇండ్లల్ల ఒకటే తీరు ఏడుపు.

పత్తి ఏరే కాలమొస్తే మనం కూడా కూలోళ్లను పెట్టుకుంటం. అప్పుడు చూడాలె మన భక్తి. కాంటా కాడ కిలోకు ఇంత అని కోసుడు, "షావుకారి పైసలిచ్చినంక ఇస్త తీయ్" అనుడు మన విశ్వాసుల ఇండ్లల్ల లేవా? పొద్దు గూకకముందే కూలోని కూలి ఇయ్యాలని ద్వితీయోపదేశ కాండంల ఉన్నది. ఉపవాస ప్రార్థనల అది తీసి చదివేటోళ్లు తక్కువ.

అన్నిటికన్న నాకు మనసుల పడనిది వడ్డి. నూటికి మూడు రూపాయల వడ్డికి తిప్పేటోళ్లు మన సంఘంల కూడా ఉన్నరు, ముందటి వరుసలనే. నెహెమ్యా ఐదో అధ్యాయంల యూదుల పెద్దలు సొంత సహోదరుల దగ్గర వడ్డి తీసుకుంటే, నెహెమ్యా వాళ్లను అందరి ముందర నిలబెట్టి అడిగిండు. పొలాలు, ఇండ్లు వాపసు ఇప్పిచ్చిండు. పంట లేని కాలంల వచ్చిన గొడవ అది, మన జూన్ నెల గొడవ అసొంటిదే.

అందుకే ఒక్కటి అడుగుత. కోత పండుగకు తెచ్చిన పంటలు, కోళ్లు మందిరంల వేలం పెడతరు, మీకు తెలిసిందే. ఒక గుమ్మడికాయ పోటీ మీద పోటీ వడి వేల రూపాయలకు పోతది, కోడిపుంజు ఇంకెక్కువకు. ఆ పైసలు చందా పుస్తకంల ఎక్కి, రంగులకు, మైకుసెట్టుకు పోతయి. ఈ ఏడు ఆ వేలం పైసలల్ల సగం పక్కన పెట్టియ్యండి. మృగశిరకు మగదిక్కు లేని ఇండ్లకు, రెండెకరాల లోపు చేను ఉన్న అక్కలకు విత్తనాల కోసం వడ్డి లేకుంట ఇయ్యండి. పంటొచ్చినంక వాళ్లే కోత పండుగకు తెచ్చి కడతరు. లెక్క పుస్తకం స్త్రీల సమాజం చేతిలనే ఉండాలె. సంఘ పెద్దల ముందర ఒక్కదానివే మాట్లాడనీకి భయమైతే, ఇంకో ఇద్దరిని వెంట తీసుకపో.