సీఓ సాబ్ గడప ఒక్కటే కాదు, చెల్లీ

చెల్లెళ్లూ, ఈ ముచ్చట గొంతు తగ్గించి మాట్లాడేది కాదు. ఇన్నేళ్లూ తగ్గించే మాట్లాడుకున్నాం. దాని వల్ల బాగుపడింది తప్పు చేసినవాళ్లే. సైన్యంలో ఉద్యోగం చేస్తున్న ఆడపిల్ల మీద అత్యాచారమో, లైంగిక వేధింపో జరిగితే ఎక్కడికి పోవాలె, ఎవరికి చెప్పాలె, ఏం భద్రం చేసుకోవాలె? ఇయ్యాల దీని గురించే మాట్లాడుకుందాం.

మన హైదరాబాద్ గన్‌ఫౌండ్రీకి సైన్యం కొత్త కాదు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర ఇక్కడే ఫిరంగులు పోత పోయించాడు. అటు పోతే తిరుమలగిరి, బొల్లారం, సికింద్రాబాద్ కంటోన్మెంటు. ఇంకో దిక్కు దుండిగల్‌లో వాయుసేన అకాడమీ. దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ 2016 జూన్ 18న ఆ దుండిగల్‌లోనే కమిషన్ అందుకున్నారు. నర్సులుగా మనవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు, 1992 నుంచి ఆఫీసర్లుగా ఉన్నారు, 2021లో మిలటరీ పోలీసులో మొదటి మహిళా జవాన్ల బ్యాచ్ బయటికొచ్చింది, 2022 నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లోనూ అమ్మాయిలున్నారు. బిడ్డను పంపేటప్పుడు ట్రంకు పెట్టె సర్దుతాం, పచ్చడి డబ్బాలకు మూతలు బిగించి కడతాం. ఈ సంగతి మాత్రం చెప్పి పంపం.

బయటి ఉద్యోగంలో బుగులు ఒక తీరు, యూనిట్‌లో బుగులు ఇంకో తీరు. పని చేసేది అక్కడే, తినేది అదే మెస్‌లో, పడుకునేది అదే క్యాంపస్‌లో. పై ఆఫీసరే ఏసీఆర్, అంటే ఏటా ఇచ్చే రహస్య నివేదిక, రాస్తాడు. ఆ కాగితం మీదే ప్రమోషన్, పర్మనెంట్ కమిషన్ ఆధారపడి ఉంటాయి. తప్పు చేసింది ఆ ఆఫీసరే అయితే? లేదా ఆయన బ్యాచ్‌మేట్ అయితే? "యూనిట్ పరువు పోతుంది" అనే మాట ఎదురవుతుంది. పరువు పోగొట్టింది ఆ పిల్ల కాదు గదా! ఈ ఒక్క మాట మనం గట్టిగా పట్టుకుంటే సగం బుగులు తీరుతుంది.

2021లో కోయంబత్తూరు వాయుసేన కాలేజీలో శిక్షణకు వచ్చిన ఒక మహిళా ఆఫీసరు, తోటి ఆఫీసరు తనపై అత్యాచారం చేశాడని ముందు పైవాళ్లకే చెప్పింది. తర్వాత పోలీసు గడప తొక్కింది. పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. వాయుసేన తన చట్టం కింద విచారిస్తానంటే అక్కడి కోర్టు అతన్ని వాయుసేనకు అప్పగించింది. తనకు రెండు వేళ్ల పరీక్ష (యోనిలో వేళ్లు పెట్టి చూసేది) చేశారని ఆమె చెప్పింది, చేయలేదని వాయుసేనాధిపతి అన్నారు. ఎవరి మాట నిజమో నేను తీర్పు చెప్పను. కానీ ఆ పరీక్ష తప్పని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2022 అక్టోబరు 31న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ ధర్మాసనం, అది చేసినవాళ్లు దుష్ప్రవర్తన కింద బాధ్యులని తేల్చేసింది. హిమా కోహ్లీ మన తెలంగాణ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినావిడ. ఏ డాక్టరైనా ఆ పరీక్షకు సిద్ధమైతే "వద్దు" అని చెప్పే హక్కు నీకుంది, చెల్లీ. మిలటరీ ఆస్పత్రిలోనైనా సరే.

ఇప్పుడు చట్టం ఏమంటదో చూద్దాం. ఆర్మీ చట్టం 1950లో 70వ సెక్షను ఒకటుంది. బాధితురాలు సైనిక చట్టం కిందికి రాని మనిషైతే, అంటే జవాను భార్య, క్వార్టర్స్‌లో పనిచేసే అమ్మ, కంటోన్మెంటు పక్క బస్తీ పిల్ల ఎవరైనా సరే, ఆ అత్యాచారం కేసు మామూలు పోలీసులు, మామూలు కోర్టే చూడాలి. యుద్ధ విధుల్లో ఉన్నప్పుడు, దేశం బయట, ప్రభుత్వం గుర్తించిన సరిహద్దు పోస్టులో జరిగితే మాత్రమే మినహాయింపు. బాధితురాలు తానే యూనిఫాంలో ఉంటే అప్పుడు కోర్టు మార్షల్‌కూ అధికారం ఉంటుంది, మామూలు కోర్టుకూ ఉంటుంది. ఎక్కడ విచారించాలన్నది తర్వాత అధికారులు, కోర్టు తేల్చుకుంటారు. ఆ తేల్చుకోవడం నీ ఫిర్యాదుకు అడ్డం కాదు. "ముందు సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్‌ను అడగాలె, ఆయన ఒప్పుకుంటేనే పోలీసు" అని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. సీఓకు చెప్పు, చెప్పొద్దని నేననను. కానీ రాతపూర్వకంగా చెప్పు, ముట్టినట్టు తేదీతో సంతకం తీసుకో. పోలీసుకు కూడా చెప్పు.

ఇంకో తలుపు ఇంటర్నల్ కమిటీ. 2013 పనిచోట లైంగిక వేధింపుల చట్టం కింద ఏర్పడేది. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి మనిషి ఒకరు. జరిగిన మూడు నెలల్లో రాసివ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా నిన్ను వేరే చోటికి మార్చమనో, అతన్ని మార్చమనో, మూడు నెలల వరకు సెలవు ఇవ్వమనో అడగొచ్చు. నీ పేరు బయటపెట్టకూడదు. "మాట్లాడి సర్దుకోండి" అనడానికి వాళ్లకు హక్కు లేదు, రాజీ కావాలని నువ్వడిగితేనే ఆ ముచ్చట. ఇదంతా ఉద్యోగ క్రమశిక్షణకు పనికొస్తుంది. అత్యాచారం జరిగిన చోట కమిటీ ఫిర్యాదుతో ఆగిపోవద్దు, ఎఫ్‌ఐఆర్ వేరు.

అన్నిటికంటే ముందు ఒంటి సంగతి. ఇది నేను కొంచెం నిలిచి చెబుతా. ఆ రాత్రి మనసంతా స్నానం మీదే ఉంటుంది, బట్టలు పారేయాలనిపిస్తుంది. చేతనైనంత వరకు ఆగు. వేసుకున్న బట్టలు ఉతకొద్దు, ఒక్కో బట్టను విడివిడిగా కాగితపు కవర్లో పెట్టు. కాగితం లేకుంటే పాత పేపర్లో చుట్టు. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు బూజు పట్టి సాక్ష్యం చెడుతుంది. ఇప్పటికే స్నానం చేసేశావా? అయినా పో, ఏం కాలేదు, డాక్టరు చూడాల్సినవి ఇంకా ఉంటాయి. హెచ్‌ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. గర్భం రాకుండా మాత్ర కూడా అంతే, తొందరగా. ఎఫ్‌ఐఆర్ లేదని ఏ ఆస్పత్రీ వైద్యం ఆపకూడదు. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఈ వైద్యం ఉచితం. నిరాకరించడం నేరం. నీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు.

మన హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో భరోసా కేంద్రం ఉంది, 2016లో మొదలైంది. గన్‌ఫౌండ్రీ నుంచి ఆటోలో పోతే ఎంతో దూరం కాదు. డాక్టరు, కౌన్సిలరు, లాయరు, పోలీసు ఒక్క కప్పు కిందే ఉంటారు. జరిగింది పది చోట్ల పదిసార్లు చెప్పుకునే బాధ తగ్గుతుంది. ఇది యూనిట్ గేటు బయట ఉందన్నదే నాకు అన్నిటికంటే విలువగా తోచే సంగతి. ఫోనులో అయితే 181, ఆపదలో 112. నాంపల్లి కోర్టుల్లో న్యాయ సేవల సంస్థ ఉంది. జీతం ఎంతన్నది చూడకుండా ఆడవాళ్లందరికీ లాయరును ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టం చెబుతుంది, మేజరైనా సరే, మేజరు ఇంట్లో అంట్లు తోమే ఆమైనా సరే. వాళ్ల నంబరు 15100.

సాక్ష్యం మీద ఇంత ఎందుకు పట్టుబడుతున్నానంటే వాకపల్లి గుర్తొస్తుంది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలో గ్రేహౌండ్స్ బలగాలు తమపై అత్యాచారం చేశాయని 11 మంది గిరిజన మహిళలు చెప్పారు. గ్రేహౌండ్స్ అంటే పోలీసులే, సైన్యం కాదు. కానీ తుపాకీ, యూనిఫాం, వెనక పెద్ద వ్యవస్థ, ఆ బరువు ఒకటే. పదిహేనేళ్లు పైబడి ఆ అక్కలు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ కోర్టు నిందితులైన 13 మంది పోలీసులనూ నిర్దోషులని వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని దర్యాప్తు అధికారుల్నే తప్పుపట్టింది, మహిళలకు పరిహారం ఇవ్వమంది. వాళ్లు మాట మార్చలేదు. ఆ అక్కల ధైర్యం తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చదువుకున్న మనం మొదటి గంటల్లోనే కాగితాలు, బట్టలు, తేదీలు భద్రం చేయడం నేర్చుకోవాలి.

అమెరికా సైన్యంలో ఒక పద్ధతి ఉంది, మనకూ రావాలని నా కోరిక. 2005 నుంచి అక్కడ బాధితురాలు రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒకటి, పై ఆఫీసరుకు తెలియకుండా, పోలీసు కేసు లేకుండా, వైద్యం, కౌన్సిలింగ్ మాత్రం తీసుకోవడం. రెండోది, పూర్తి ఫిర్యాదు. మొదటిది ఎంచుకున్నా తర్వాత మనసు గట్టి చేసుకుని రెండోదానికి మారొచ్చు. 2020లో ఫోర్ట్ హుడ్‌లో హత్యకు గురైన ఇరవై ఏళ్ల సైనికురాలు వనెస్సా గియెన్ కుటుంబం చేసిన పోరాటం తర్వాత ఇంకో పెద్ద మార్పొచ్చింది. 2023 డిసెంబరు 28 నుంచి ఇలాంటి నేరాల్లో విచారణ జరపాలా వద్దా అన్నది కమాండరు చేతిలో లేదు, విడిగా ఉన్న ప్రాసిక్యూటర్ల చేతిలో ఉంది. కమాండరు మంచివాడే కావచ్చు. అయినా తన యూనిట్ మనిషి మీద తానే తీర్పరిగా కూర్చోవడం ఎవరికైనా కష్టమే గదా.

మగపిల్లల మాట కూడా చెప్పాలి. కొత్తగా చేరిన జవానును సీనియర్లు లైంగికంగా హింసిస్తే మన అత్యాచార చట్టం అతన్ని లెక్కలోకి తీసుకోదు, ఇది పెద్ద లోటు. ఆర్మీ చట్టంలో 46వ సెక్షను మాత్రం క్రూరమైన, అసభ్యమైన ప్రవర్తనకు ఏడేళ్ల దాకా శిక్ష పెట్టింది. తమ్ముడు సెలవుకు ఇంటికొచ్చి మాట్లాడకుండా గోడకు తిరిగి పడుకుంటే, "మగాడివి" అనకుండా పక్కన కూర్చోండి.

అమ్మలూ, అక్కలూ, దూరంగా పోస్టింగ్‌లో ఉన్న బిడ్డ అర్ధరాత్రి ఫోను చేసి ఏడిస్తే, "నువ్వెందుకు పోయావు అక్కడికి?" అన్నది నోట్లోకే రానీయొద్దు. "నేనున్నా, ముందు డాక్టరు దగ్గరికి పో, ఎవరన్నా తోడున్నారా?" అని అడగండి. ఆమె తేజ్‌పూర్‌లో ఉన్నా, ఆమె సరేనంటే మీరు మన అబిడ్స్ పోలీస్ స్టేషన్లోనే జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 173వ సెక్షనులో ఇది రాసి ఉంది. మా పరిధి కాదని పంపేయకూడదు, ఆమె మాట మహిళా పోలీసే రాసుకోవాలి, ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాసుకోనంటే రాయని అధికారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. కమిషనరుకు పోస్టులో పంపండి, దానికీ కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ఆ కాపీని ఫొటో తీసి బిడ్డకు పంపండి, అసలుది మీ బీరువాలో పెట్టండి.