విద్యుచ్ఛక్తి పొదుపు



మన సంతబొమ్మాళి మండలమందలి కాకరాపల్లి పేరు మీరందఱును వినియుందురు. అచ్చటి తంపర భూములలో బొగ్గుతో విద్యుచ్ఛక్తిని పుట్టించు కేంద్రమును కట్టబూనగా, తమ చేపలవేటకును సాగునకును హాని కలుగునని ప్రజలు దాని నెదిరించిరి. 2011వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన పోలీసుల కాల్పులలో అచ్చట ప్రాణములు పోయినవి. అంతకుముందు 2010 జూలై 14వ తేదీన సోంపేటయందును ఇట్టి దుఃఖమే సంభవించెను.

అయినను విద్యుత్తు లేక మనకు గడచునా? 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలతోపాటు విద్యుత్ స్తంభములును కూలినవి. నాటి చీకటిని ఉద్దానమువారు మఱవలేదు. దీపము కావలెను, దానికై పొరుగువాని బ్రతుకు చెడరాదు. ఈ చిక్కునకు పొదుపు ఒక మార్గము.

పొదుపనగా చీకటిలో కూర్చుండుట కాదు. తక్కువ శక్తితో అదే పని జరిపించుకొనుటయే పొదుపు. బొగ్గును కాల్చగా పుట్టిన వేడిమి 100 పాళ్లనుకొనుడు. అందు రమారమి 35 పాళ్లే విద్యుత్తుగా మాఱును. తీగలవెంట వచ్చుచు మఱికొంత నశించును. పాతకాలపు తీగ బల్బు తనకు చేరిన దానిలో ఇంచుమించు 5 శాతమునే వెలుగుగా మార్చి, మిగిలినదానిని వేడిగా పాఱవేయును. కావున తుదకు మన కంటికి దక్కునది ఒకటి రెండు పాళ్లు మాత్రమే!

ఇక లెక్క చూడుడు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇంచుమించుగా ఇయ్యగలదు. మిగులు 51 వాట్లు. దినమునకు 5 గంటలు వెలిగించినచో, ఏడాదికి 93 యూనిట్లు మిగులును. ఇది ఒక్క దీపమువలని లాభము.

మన దేశమున 2001లో ఇంధన పొదుపు చట్టము చేయబడెను. దానిననుసరించి 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడెను. 2006 మొదలు ఉపకరణములపై నక్షత్రపు గుర్తులు కానవచ్చుచున్నవి. నక్షత్రములు హెచ్చినకొలది విద్యుత్తు ఖర్చు తగ్గును. 2023 జనవరి నుండి పంకాలకును ఈ గుర్తు తప్పనిసరియైనది.

అయితే మంచి వస్తువు ప్రియమైనచో పేదవాడెట్లు కొనును? ఇచ్చటనే ప్రభుత్వపు పూనిక కావలసివచ్చును. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకమున బల్బులను పెద్దమొత్తముగా కొనుటచే, 2014లో రూ. 310 ఉన్న కొనుగోలు ధర 2016 నాటికి రూ. 38కి దిగెను. ఈ పథకముక్రింద 36 కోట్లకు పైగా బల్బులు పంచబడినవి.

పెరుగుచున్న దేశమునకు పొదుపు ఒక్కటియే చాలదు. దీపము లేని యింట దీపము పెట్టవలెను, కర్మాగారములును నడవవలెను. కాని వ్యర్థమైపోవు యూనిట్లను ముందుగా ఆపినచో, క్రొత్త కేంద్రముల అవసరము తగ్గును. పొలములును తంపరలును నిలుచును.

ఇంటిపని: నేటి సాయంకాలము మీటరు అంకెను వ్రాసికొనుడు. ఒక వారము అక్కఱలేని దీపములను, పంకాలను ఆర్పుచు రండు. మఱల అంకెను చూచి, అంతకుముందు వారముతో పోల్చి, ఫలితమును మీ తలిదండ్రులకు చదివి వినిపింపుడు.