ఇంట్లో గది అద్దెకిచ్చేటప్పుడు

కొడుకు గల్ఫ్‌కు వెళ్ళాడు, లేదా కూతురికి నికాహ్ అయి అత్తవారింటికి వెళ్ళింది. ఇంట్లో ఒక గది ఖాళీ. దాన్ని అద్దెకిచ్చుకోవచ్చా అని చాలామంది, ముఖ్యంగా భర్తను కోల్పోయిన సోదరీమణులు మమ్మల్ని అడుగుతుంటారు. నిస్సందేహంగా ఇచ్చుకోవచ్చు. ఆ సొమ్ము హలాల్. షరీఅత్ పరిభాషలో దీన్ని ఇజారా అంటారు. అంటే వస్తువును అమ్మకుండా, దాని ప్రయోజనాన్ని మాత్రం ఒక గడువుకు, ఒక ధరకు అప్పగించడం. కనుక గడువెంతో, అద్దెంతో ముందే తేలిపోవాలి. కరెంటు, నీళ్ళు, మేడ మీద బట్టలారేసుకోవడం కూడా ఆనాడే మాట్లాడుకోవాలి. "మనవాళ్ళేగా, తర్వాత చూసుకుందాం" అంటారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తనకు మామగారు కాబోయే పెద్దమనిషి దగ్గర పనికి కుదిరినప్పుడు కూడా ఎనిమిదేళ్ళని గడువు ముందే చెప్పుకున్నారు (అల్ ఖసస్: 27).

మనవాళ్ళు బొత్తిగా పట్టించుకోని విషయం మరొకటుంది. గది ఇచ్చిన రోజు నుంచి ఆ గుమ్మం మనది కాదు. ఇతరుల నివాసాల్లోకి అనుమతి పొంది, సలాం చేయనిదే ప్రవేశించరాదని అన్ నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశిస్తోంది. లోపల ఎవరూ లేకపోయినా అనుమతి లేకుండా వెళ్ళరాదని ఆ తర్వాతి ఆయత్ చెబుతోంది. మరి అద్దెకున్నవారు ఊరెళ్ళినప్పుడు మారు తాళంచెవితో తలుపు తీసి, "ఫ్యాను ఆపారో లేదో చూద్దామని" వెళ్ళడం ఏమిటి? గోడలు మనవే, నివాసం వారిది. అనుమతి అడగాలన్న నియమం చూపు కోసమే ఏర్పడిందని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. కిటికీలోంచి తొంగిచూడటం కూడా ఇందులోకే వస్తుంది. అద్దెకున్నవారు ముస్లిమేతరులైనా ఇదే నియమం. మన ఆడవాళ్ళ పరదా కోసం వారి రాకపోకల దారి, స్నానాలగది వేరుగా ఉండేలా చూసుకోవాలి. అది కుదరని ఇంట్లో ఒంటరి యువకునికి గది ఇవ్వకపోవడమే మేలు.

ఇక డబ్బు సంగతి. రాయలసీమలో 'భోగ్యం' అనే పద్ధతి ఉంది. రెండు లక్షలు తీసుకుని గది ఇస్తారు. అద్దె ఉండదు. గడువు తీరాక రెండు లక్షలూ తిరిగి ఇచ్చేస్తారు. ఇరువురికీ లాభమే కదా అంటారు. కానీ ఆ సొమ్ము వాస్తవానికి అప్పు. అప్పిచ్చినందుకు ప్రతిఫలంగా ఉచిత నివాసం లభిస్తోంది. అందుకే ధర్మవేత్తలు దీన్ని వడ్డీగా పరిగణించారు. పెద్ద అడ్వాన్సు తీసుకుని నామమాత్రపు అద్దె పెట్టినా లోపం పోదు. ఒకేసారి సొమ్ము కావలసినవారు ఏడాది అద్దె ముందే తీసుకోవచ్చు. నెలకు 3 వేలైతే 36 వేలు. మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె తిరిగి ఇవ్వాలి.

మామూలుగా తీసుకునే రెండు నెలల అడ్వాన్సులో దోషం లేదు. అయితే దాన్ని వాడుకుంటే అది మన మీద అప్పే. ఆ తర్వాత ఇంట్లో దొంగలు పడినా పైసాతో సహా తిరిగి ఇవ్వాల్సిందే. ఖాళీ చేసేటప్పుడు సున్నం వెలిసిందనీ, గచ్చు అరిగిందనీ అందులో కోత వేయరాదు. మామూలు వాడకంతో వచ్చిన అరుగుదలకు మనం నెలనెలా అద్దె తీసుకున్నాం. నిర్లక్ష్యంతో పగలగొట్టిన తలుపుకు మాత్రం పరిహారం అడగవచ్చు.